పంతొమ్మిది రోజులు మూసిన తలుపు

మా లైసెన్సు గడువు ఏటా ఒకే తేదీకి తీరిపోతుంది. ఆ తేదీ దగ్గర పడుతోందంటే చాలు, నాకు మిట్టమధ్యాహ్నం తలుపు చప్పుడు వినబడడం మొదలవుతుంది. మూడుసార్లు. చేత్తో కొట్టిన చప్పుడు కాదది. ఎనామిల్ మగ్గు అడుగుతో చెక్క తలుపు మీద తట్టిన చప్పుడు. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు, ఎండ ఉంటుంది. పిచ్చిదాన్ననుకుంటే అనుకోండి, నాకేం పోయింది! అరవై దగ్గరపడుతున్నదాన్ని, కల్లు దుకాణం నడిపే ఆడదాన్ని. ఇంతకంటే పెద్ద మాటలే పడ్డాను.

దుకాణం ఈ మలాయి దేశంలో సుంగై సుమున్ అనే ఊరు దాటాక కొబ్బరితోటల్లోకి తిరిగే రోడ్డు మొదట్లో ఉంటుంది. పైన జింకు రేకులు, ముందు మూడు బల్లలు, వెనక నేనుండే రెండు గదులు. పొద్దున పదింటికి కల్లు గీసే ఆయన మోటారు సైకిలు మీద రెండు డబ్బాలు తెచ్చి దింపుతాడు. ఆ రోజు కల్లు ఆ రోజుకే. సాయంత్రానికి పులిసి నోట పెట్టలేని పుల్లన అవుతుంది, మిగిలింది కాలవలో పొయ్యాల్సిందే. మా మామ పెట్టిన దుకాణం ఇది. ఆయన తరవాత మా ఆయన, మా ఆయన తరవాత నేను. ఒకప్పుడు తోటలో పని దిగిన మనవాళ్ళు ఇక్కడ నిలబడడానికి చోటుండేది కాదు. ఇప్పుడు తోటల్లో పరాయి దేశాల కూలీలున్నారు, మనవాళ్ళ పిల్లలు ఫ్యాక్టరీలకీ పట్నాలకీ పోయారు. నాకు మిగిలింది నలుగురు.

ఆ నలుగురికీ గోడ మీద నాలుగు మేకులు, నాలుగు మగ్గులు. ఎవరి మగ్గు వాళ్ళదే. ఇంకొకరి మగ్గులో పోస్తే మా దుకాణంలో కొట్లాటే. మేకుల వరసకు పైన ఒక పొడుగాటి పలక ఉంది. మనిషి పోతే అతని మగ్గును కడిగి, తుడిచి, ఆ పలక మీద బోర్లించాలి. మళ్ళీ అందులో ఎవరికీ పొయ్యకూడదు, పారేయకూడదు, ఇంటివాళ్ళు అడిగినా ఇవ్వకూడదు. ఎవరు మొదలుపెట్టారో తెలీదు, మా మామ నాటికే ఉంది. పలక నిండిపోతే ఇంకో పలక కొట్టాం. ఏటా తనిఖీకి వచ్చే ఆరోగ్య శాఖ మనిషి, "ఈ తుప్పు సామానంతా పాత ఇనుము వాడికి వేసెయ్యరాదా ఆంటీ?" అంటాడు. అవి తుప్పు సామాను కావు, మా మగాళ్ళు అని మలాయిలో ఎలా చెప్పాలో నాకు రాదు. తలూపి ఊరుకుంటాను.

రెండో పలక మీద ఒక పచ్చ మగ్గు ఉంది. అంచు దగ్గర పచ్చ రంగు పెచ్చు లేచి తెల్లగా కనబడుతుంది. నా తలుపు తట్టేది ఆ మగ్గే.

పదకొండేళ్ళ క్రితం మా ఆయన ఒక పొద్దున డబ్బాలు కడుగుతూ కడుగుతూ పక్కకు ఒరిగిపోయాడు. ఆసుపత్రిదాకా కూడా పోనక్కర్లేకపోయింది. నేను కూలబడి ఉంటే మా అత్త పనులన్నీ తన మీద వేసుకుంది. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన తన అత్త నేర్పిన పద్ధతులన్నీ ఆవిడకు కంఠస్థం. అందులో ఒకటి, పోయినవాడి ఒంటిమీదవి, వాడి ముఖం ఉన్నవి ఏవీ ఇంట్లో కళ్ళబడకూడదు. చొక్కాలు, చెప్పులు, కళ్ళద్దాలు, ఫోటోలు అన్నీ తెల్లగుడ్డలో మూటగట్టి దూలానికి వేలాడదీసింది. గోడ మీద అద్దం బిగించిన లైసెన్సు ఉండేది. దాని మూల మా ఆయన ఫోటో, గవర్నమెంటు ముద్రతో.

"ఆడి ముకం గోడ మీదేటి, దించు," అంది అత్త.

"అత్తా, అది లైసెన్సు," అన్నాను.

"ఏదైతేనేటి, ముకం ఉంది కాదేటి. నెల మాసికం అయ్యేదాకా మూటకి సెయ్యెట్టకండి."

అదీ మూటలోకి వెళ్ళింది. ఆ లైసెన్సు వెనకే, రెన్యువల్ చేయించుకోమని ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరాన్ని మడిచి దోపుకున్నాడు మా ఆయన. ఆయన అలవాటది, ముఖ్యమైన కాయితమంతా ఆ అద్దం వెనకే. ఇవన్నీ నాకు తెలీవు. గడువు ఎప్పుడో, ఆఫీసు ఎక్కడో ఏనాడూ అడగలేదు. నాకు తెలిసిందల్లా మగ్గులు కడగడం, బల్లలు తుడవడం, తాగి తూలేవాణ్ణి నాలుగు తిట్టి ఇంటికి పంపడం.

చెట్టు మన చావులకు ఆగదు కదా. కొబ్బరి గెల రోజూ గియ్యకపోతే కల్లు ఆగిపోతుంది, మళ్ళీ రావడానికి వారాలు పడుతుంది. అందుకని మైల రోజుల్లో గీసే ఆయనే కూర్చుని అమ్మిపెట్టాడు. పెద్దకర్మ అయిన మర్నాడు నేను కూర్చున్నాను. తరవాత ఒక వారానికి లైసెన్సు ఆఫీసు మనిషి ఒకడు బండి దిగి వచ్చి, ఖాళీ గోడ వంక చూసి లైసెన్సేదన్నాడు. మూటలో ఉందన్నాను. ఏ మూట అన్నాడు. పైకి చూపించాను. ఎగతాళి చేస్తున్నాననుకుని మొహం ఎర్రగా చేసుకున్నాడు.

అత్త మూలన కూర్చుని గోల, మూట విప్పితే వాడి ప్రాణం శాంతించదని. ఆమెకు అడ్డం పడి నేనే స్టూలెక్కి మూట దింపాను. ముడి విప్పుతుంటే మా ఆయన చొక్కా వాసన గుప్పున కొట్టింది. ఆఫీసు మనిషి ముందు ఏడవకూడదని పెదవి కొరుక్కున్నాను. చొక్కాల కింద నుంచి లైసెన్సు తీసి ఇచ్చాను. గడువు తీరి నాలుగు రోజులైంది.

ఆయన చెడ్డవాడు కాదు, ఒట్టేసి చెబుతాను. "గడువు లోపల వచ్చుంటే అప్పటికప్పుడు నీ పేరుకు మార్చే దారుండేది అమ్మా. తీరిపోయాక కొత్తగా ఇచ్చేదాకా చుక్క కూడా పొయ్యకూడదు," అన్నాడు. తలుపు మీద ఒక కాయితం అంటించి వెళ్ళాడు. నాలుగు రోజులు! మూట దూలానికి వేలాడుతూ ఉంది, నేను దాని కిందే తిరుగుతూ ఉన్నాను. ఆ తలుపు పంతొమ్మిది రోజులు మూసి ఉంది.

మొదటి రోజు మధ్యాహ్నమే బావ వచ్చాడు. సొంత బావ కాదు, మేము ఒకప్పుడు తోట కూలీల లైను ఇళ్ళలో ఉన్నప్పుడు మా పక్కింటి ఆయన. ఆయన భార్యను నేను అప్పా, అంటే అక్కా, అని పిలుస్తాను కాబట్టి ఆయన బావ. తోటలో కాలవలు తవ్వి తవ్వి వెన్ను వంగిపోయిన మనిషి. తాగితే పాడేవాడు, ఎవరినీ ఒక్క మాట అనేవాడు కాదు. పదింటికి ఒక మగ్గు, నాలుగింటికి రెండు. అది పడకపోతే చేతులు వణికేవి, చొక్కా బొత్తాం పెట్టుకోలేకపోయేవాడు. ముందు రోజు తన మగ్గు ఇంటికి పట్టుకెళ్ళాడేమో, ఆ రోజు దాని అడుగుతో తలుపు తట్టాడు.

"అమ్మీ, ఒక్క మగ్గు."

"కాయితం సూడలేదా బావా? పోస్తే నన్ను పట్టుకుపోతారు."

"అమ్మొద్దు. ఊరికే పొయ్యి."

"ఊరికే పోసినా అంతే. నీకు పోస్తే మిగతావోళ్ళూ వస్తారు. ఎల్లు బావా."

వెళ్ళలేదు, అరుగు మీద కూర్చున్నాడు. గీసే ఆయన ఎప్పటిలాగే రెండు డబ్బాలు దింపాడు, గెలలు ఎండిపోతాయని గీయడం మానలేదు పాపం. చెట్టు కింద ఎవరికైనా పోస్తే ఆయన లైసెన్సూ పోతుంది. డబ్బాలు వెనక్కి మోసుకెళ్ళి కాలవలో పోశాను. తెల్లగా నురగ కక్కుతూ పోయింది. తలెత్తేసరికి దుకాణం పక్కగా వచ్చి నిలబడి బావ చూస్తున్నాడు, మగ్గు చేతిలో ఉంది.

"కాలవకి పోస్తన్నావు, నాకు పొయ్యవా?"

నేను పొయ్యలేదు. అప్పుడు నేను భయంలో ఉన్నాను. మొగుడు పోయి మూడు వారాలైనా కాకముందే జైలుకు కూడా పోతే నా కూతురి గతేమిటని ఒకటే వణుకు. పైగా కోపం. అందరూ నన్నే అడుగుతారేంటి, నేనేం చేశానని? "ఎల్లవయ్యా, నా పేణం తియ్యకు!" అని అరిచాను. ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ తలచుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

ఐదు రోజులు వచ్చాడు. రోజూ మూడుసార్లు తట్టేవాడు. మూడో రోజు నుంచి నేను పలకలేదు. తలుపుకు ఇటువైపు నిలబడి ఊపిరి బిగబట్టుకునేదాన్ని. ఆయన ఊపిరి నాకు వినబడేది. నాది ఆయనకు వినబడకుండా ఉంటుందా?

ఆరో రోజు రాలేదు. నా బుద్ధి చూడండి, హమ్మయ్య అనుకున్నాను.

మర్నాడు పట్టపగలు పన్నెండింటికి ఆయన మంచం మీద లేచి కూర్చుని, "ఏటి, కరెంటు పోనాదేటి? దీపం ఎట్టండే," అన్నాడట. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. మూడుసార్లు దీపం అడిగాడని అందరూ చెప్పుకున్నారు. తెలుక్ ఇంటాన్ ఆసుపత్రికి తీసుకెళ్తే, సంసు తాగాడన్నారు. సంసు అంటే ఇక్కడ దొంగచాటున అమ్మే సారా. ఏం కలుపుతారో కలిపేవాడికే తెలీదు. ముందు కళ్ళు పోయాయి. మూడో రోజు మనిషి పోయాడు. దుకాణం తలుపు తెరవడానికి ఇంకా పది రోజులుంది.

తెరిచిన రోజు బావ మగ్గు అరుగు మీద ఉంది. ఎవరు పెట్టారో చూడలేదు. కడిగాను, తుడిచాను, పలక మీద బోర్లించాను.

అప్పటినుంచి లైసెన్సు రెన్యువల్ అంటే నాకు అదొక జబ్బు. మూడు నెలల ముందే సంచి సర్దుతాను. ఐసీ అనే గుర్తింపు కార్డు కాపీలు, ఫోటోలు, కల్లు గీసే ఆయన కాయితం, అంటురోగాల సూది వేయించుకున్న కార్డు, ఆరోగ్య శాఖ వాళ్ళ ఉత్తరం. ఒక్కోటి మూడేసి కాపీలు. తెల్లారగానే బస్సెక్కి తెలుక్ ఇంటాన్ పోయి ఆఫీసు తలుపు తీయకముందే గుమ్మం దగ్గర నిలబడతాను. కౌంటర్లో ఉండే మలాయి పిల్ల నన్ను చూడగానే నవ్వుతుంది. "బెలుం బుకా లా, ఆంటీ," అంటుంది. ఇంకా మొదలవలేదు, వచ్చే నెల రమ్మని; మాట చివర ఆ 'లా' ఇక్కడ అందరికీ ఊతపదం. వచ్చే నెల మళ్ళీ పోతాను. మళ్ళీ అదే మాట. నవ్వుకోనీ. ఆ పిల్ల చెవిలో మగ్గు చప్పుడు లేదు కదా.

కొత్త లైసెన్సు గోడకు తగిలించిన రోజున అప్ప వస్తుంది, బావ భార్య. ఈ పదకొండేళ్ళలో ఒక్క ఏడు తప్పలేదు. మనిషి ఎండిపోయింది, నడుము వంగింది. లోపలికి రాదు, గడప దగ్గరే నిలబడుతుంది. టీ ఇస్తే తాగదు. చదువు రాదు ఆమెకు. గోడ వంక గడ్డం ఎత్తి ఒక్కటే అడుగుతుంది.

"ఎప్పటిదాకా?"

తేదీ చదువుతాను. వేళ్ళ మీద నెలలు ఎంచుకుంటుంది, తలూపుతుంది, వెళ్ళిపోతుంది. అంతే! ఇంకొక్క మాట ఉండదు. నన్ను తిట్టి, జుట్టు పట్టుకుని ఈడ్చి ఉంటే ఎంత బాగుండేదో. ఏటా వచ్చి నా తప్పును నాచేతే చదివించుకుని పోతోందనుకునేదాన్ని. ఆ ఒక్క రోజు కోసం ఏడాదంతా భయపడేదాన్ని. ఒప్పుకుంటున్నాను, కొన్నిసార్లు ఆమె త్వరగా పోతే బాగుండుననుకున్నాను కూడా.

నాకు మిగిలిన నలుగురిలో ఒకడు ఆమె కొడుకు. నలభై దాటినవాడు. లారీలకు పామాయిలు గెలలు ఎత్తే పని చేసి నడుం విరగ్గొట్టుకున్నాడు. అచ్చం తండ్రి పోలికే. పదింటికి ఒకటి, నాలుగింటికి రెండు, మూడు దాటనివ్వను. తండ్రి మేకే కావాలన్నాడు, ఇచ్చాను. తండ్రి మగ్గు పైన బోర్లించి ఉంటుంది, కొడుకు మగ్గు దాని కిందే వేలాడుతుంది. సోమవారాల్లో కల్లు ఆలస్యమైతే వాడి చేతులు చూస్తాను. బల్ల కింద దాచుకుంటాడు.

ఈ ఏడు మా అమ్మాయి ఇపో పట్నం నుంచి వచ్చింది. అక్కడ ఆసుపత్రిలో పని, ఇద్దరు పిల్లలు. తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడితే సగం తమిళం, సగం ఇంగ్లీషు. నా మోకాళ్ళు చూసి, మెట్టు దిగడానికి గోడ పట్టుకోవడం చూసి గుడ్లలో నీళ్ళు తిప్పుకుంది.

"పోదుంమా. చాలు లా. నాలుగు మనుషులకోసం నువ్వు ఇక్కడ ఏటి సేస్తావు? ఈసారి రెన్యూ వద్దు."

"ఆ నలుగురూ ఎక్కడికి పోతారే?"

"అది నీ ప్రాబ్లమా? నువ్వు ఇస్తున్నది కూడా మందే కదమ్మా, పాలా?"

ఆ మాట నాకు తెలియనిది కాదు. పలకల మీద బోర్లించిన మగ్గుల్లో ఎన్ని లివరు పోయి వచ్చాయో నాకంటే ఎవరికి తెలుసు? గీసే ఆయన కూడా ముసలాడైపోయాడు, ఆయన తరవాత చెట్టెక్కేవాడు లేడు. నేను మానకపోతే దుకాణమే నన్ను మానేస్తుంది. ఎంతకాలమని కాపలా కాస్తాను? నేనేమైనా వాళ్ళ అమ్మనా?

సరే అన్నాను. సంచి సర్దలేదు. మూడు నెలల ముందు పోలేదు, రెండు నెలల ముందు పోలేదు. కాయితాలన్నీ బిస్కెట్ డబ్బాలో పెట్టి మూత బిగించాను. గడువు తీరిన రోజే తాళం వేసి ఇపో పోవడం అని అమ్మాయికి మాటిచ్చాను. నలుగురికీ చెప్పాను. ముగ్గురు నన్ను బూతులు తిట్టి, తరవాత ఏడిచారు. అప్ప కొడుకు మాత్రం తిట్టలేదు. మగ్గు ఖాళీ చేసి, తనే కడిగి, మేకుకు తగిలించి, "అయితే పిన్నీ, మరి నాను?" అన్నాడు. సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటి నుంచి తలుపు చప్పుడు ఒక్క మధ్యాహ్నం కూడా తప్పలేదు. ఇదివరకు ఆగి ఆగి వినబడేది. వంటింట్లో ఉన్నా వినబడుతుంది, రేడియో పెట్టినా వినబడుతుంది. అమ్మాయి ఫోను చేస్తే, "ఎవరో తలుపు కొడతన్నారమ్మా, వినబడతందా?" అనడిగాను. "త్వరగా వచ్చెయ్యమ్మా," అంది.

గడువుకు ముందు రోజు, పన్నెండు దాటింది. మగ్గులు కడుగుతున్నాను. తలుపు తట్టారు. నేను కదల్లేదు. మళ్ళీ తట్టారు. "పో బావా, పో," అన్నాను పైకే.

"బావ కాదమ్మీ. నాను," అంది బయట గొంతు.

అప్ప. ఆమె ఏటా వచ్చే రోజు కాదది, గోడ మీద కొత్త లైసెన్సూ లేదు. ఈసారి గడప దాటి లోపలికి వచ్చింది. బల్ల దగ్గర బెంచీ మీద కూర్చుంది. పదకొండేళ్ళలో మొదటిసారి. ఒంటిమీది చీరకొంగు రెండు చేతులతో నలుపుతోంది.

"మూసేస్తన్నావంట."

"అవునప్పా. నా వల్ల కాదింక."

"రేపేనా ఆఖరు?"

"రేపే."

నాకెందుకో ఒళ్ళు మండింది. పదకొండేళ్ళ మంట. "అడగడానికి వచ్చినావా? తిట్టడానికి వచ్చినావా? తిట్టప్పా! నాను తలుపు తియ్యలేదు. కాలవలో పోసినాను గాని నీ మొగుడికి పొయ్యలేదు. ఏటేటా వచ్చి తారీకు సదివించుకుని నన్ను సంపేస్తన్నావు. తిట్టెయ్యి, వదిలిపోద్ది!" అని అరిచాను. అరిచి, ఏడిచాను. చేతిలో మగ్గు కింద పడి దొర్లుకుంటూ ఆమె కాళ్ళ దగ్గరికి పోయింది. ఆమె వంగి తీసింది. ఎవరిదో చూసింది, కొడుకుది.

"నువ్వు తియ్యలేదు," అంది. "తియ్యలేదని ఆడు ఇంటికొచ్చినాడు. ఐదు రోజులు. ఆరో రోజు సేతులు మంచం పట్టీకి కొట్టుకుంటన్నాయి. ఒళ్ళంతా సెమట. గోడమీద పురుగులు పాకుతన్నాయంటాడు, తియ్యమంటాడు. నాను సూడలేకపోయినాను."

కొడుకు మగ్గును కొంగుతో తుడుస్తోంది, తుడిచిన చోటే తుడుస్తోంది.

"ఆడెక్కడికి ఎల్లినాడు? లెగనేడు. నానే ఎల్లినాను. తోటెనక ఆడమడిసొకర్తి అమ్మేది. నానే సీసా తెచ్చినాను. నా సేత్తో నోటికి అందించినాను. సేతులు తిన్నగయినాయి. నా బుగ్గ మీద సెయ్యేసి నవ్వినాడు. తెల్లారి దీపం అడిగినాడు."

నేల మీద కూర్చుండిపోయాను. పదకొండేళ్ళుగా ఆ చావంతా నాదేనని మోశాను. సగం ఈమె దగ్గర ఉందని ఎవరు చెప్పారు నాకు? తేలికపడాలి కదా! పడలేదు. ఆ పంతొమ్మిది రోజుల తలుపుకు అవతల ఇంకో ఆడది కూడా నిలబడి ఉందని మాత్రం తెలిసింది.

"ఎవరికీ సెప్పలేదు. నా కొడుక్కీ తెల్దు," అంది. "ఏటేటా తారీకు అడిగేది నీకోసం కాదమ్మీ. అంతవరకూ నాను ఎల్లక్కర్లేదని. నాకు నాను సెప్పుకోడానికి."

తరవాత నా వంక సూటిగా చూసింది. ఆ కళ్ళు నేను మర్చిపోలేను.

"నువ్వు మూసేస్తే ఆడి సేతులు వణుకుతాయి. ఆడి సేతులు వణికితే నాను మళ్ళీ ఎల్తాను. ఎల్లనని ఒట్టెయ్యలేను. నా సంగతి నాకు తెలుసు. నన్ను ఎల్లనియ్యకమ్మీ."

మర్నాడు అమ్మాయి కారు వచ్చేలోపలే నేను బస్సెక్కాను. బిస్కెట్ డబ్బా ఒళ్ళో ఉంది. మూడు నెలల్లో చేసే పని ఒక్క రోజులో. ఫోటో పాతదయిందని స్టూడియోకి పరిగెత్తాను, మోకాళ్ళు పోతే పోనీ అని. సూది కార్డు గడువు చూసుకోలేదు, తీరా చూస్తే ఇంకో నెల ఉంది. ఆరోగ్య శాఖ ఉత్తరం నిరుటిది. దాని కోసం వాళ్ళ ఆఫీసుకు పోతే ఆ తుప్పు సామాను మనిషే ఉన్నాడు. నా ముఖం చూసి ఏమనుకున్నాడో, కిందటి నెల తనిఖీ చేసిన కాయితం వెతికి ముద్ర కొట్టి ఇచ్చాడు. దేవుడల్లే కనబడ్డాడు, ఇనుపసామాను మాటలన్నీ మాఫీ చేశాను.

లైసెన్సు ఆఫీసులో నంబరు చీటీ తీసుకునేసరికి మూసే వేళయింది. కౌంటరు పిల్ల గడియారం చూసి, నన్ను చూసి, కళ్ళు పెద్దవి చేసింది. "ఏంటాంటీ, ఎప్పుడూ మూడు నెలల ముందొచ్చి నా ప్రాణం తీస్తావు, ఈ ఏడు ఆఖరి రోజా?" అంది మలాయిలో. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. తాతల కాలం నాటి చెమట తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ నిలబడ్డాను. ముద్ర పడిన చప్పుడు విన్నాకే కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి అమ్మాయి అరుగు మీద కూర్చుని ఉంది, ముఖం మాడ్చుకుని. జరిగింది చెప్పాను, అప్ప చెప్పింది తప్ప. అది నాది కాదు చెప్పడానికి. అప్ప కొడుకును నీ ఆసుపత్రిలో చూపించు, చేతులు వణకకుండా మెల్లగా మాన్పించే మందులుంటాయి కదా, అది అయ్యేదాకా నేను కదలనన్నాను. అమ్మాయి కారు తాళాలు తీసి సంచిలో వేసుకుంది. తరవాత, "ఒక్క వన్ ఇయర్ అంతే," అంది. "చూద్దాం," అన్నాను.

కొత్త లైసెన్సు తగిలించిన రోజున అప్ప వచ్చింది. వచ్చి బెంచీ మీద కూర్చుంది. టీ ఇస్తే తీసుకుంది. గడ్డం ఎత్తింది.

"ఎప్పటిదాకా?"

చదివాను. వేళ్ళ మీద ఎంచుకుంది. పన్నెండు నెలలు. పక్క బల్ల దగ్గర కొడుకు ఒక్క మగ్గు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. వచ్చే వారం ఇపో వెళ్ళాలి వాడు, మా అమ్మాయి రాయించిన చీటీ జేబులో ఉంది. వెళ్తాడో వెళ్ళడో, వెళ్ళినా నిలబడతాడో లేదో ఎవరికి తెలుసు.

అప్పుడు తలుపు చప్పుడైంది. మూడుసార్లు. నేను కదలకుండా కూర్చున్నాను, అలవాటే కదా. కొడుకు తల కూడా తిప్పలేదు. కానీ అప్ప చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. తలుపు వైపు చూస్తోంది.

"నీకూ వినబడతాదా?" అన్నాను మెల్లగా.

"రోజూ," అంది.

లేచి వెళ్ళాను. నిజానికి తలుపు మూసి లేదు, ఎండకని దగ్గరగా వేసి ఉంచాను. తీశాను. రోడ్డు మీద ఎవరూ లేరు, కాలవ పక్కన కోళ్ళు గీరుకుంటున్నాయి. మళ్ళీ వెయ్యబోతుంటే వెనక నుంచి అప్ప గొంతు వినబడింది.

"తీసే ఉంచు లా."